రెండు కెమెరాలు - ఒక నెగెటివ్

మా ఇంటి అలమారలో పై అరన, నూలు గుడ్డలో చుట్టి దాచిన రెండు చిన్న కెమెరాలు ఉన్నవి. రెండూ ఒకే జపాను సంస్థ తయారు చేసినవే. రెండూ నలుపు రంగువే. రెండింటి పేరూ దాదాపు ఒక్కటే. మొదటిది ఒలింపస్ మ్యూ. 1991లో విపణిలోకి వచ్చినది. రెండవది దాని వారసురాలు, మ్యూ-2, 1997లో వచ్చినది. గత వేసవి సెలవులలో మా మనుమరాలు వచ్చి, “తాతయ్యా, ఈ రెండింటిలో ఏది మంచిది? మంచిది నేను తీసుకుంటాను” అన్నది. ఫిల్ము కెమెరాలంటే నేటి పిల్లలకు మళ్ళీ మోజు కలిగిందట. ప్రశ్న చిన్నదే. ఎనిమిదేండ్ల క్రితం అయితే ఒక్క మాటలో బదులు చెప్పి ఉండేవాడిని అనలేను. ఇరవై ఏండ్ల క్రితం అయితే తప్పక చెప్పి ఉండేవాడిని. నాకు తెలిసినదంతా వ్రాసి పెడితే మన పత్రిక చదివే కుటుంబాలలో కొందరికైనా ఉపయోగపడవచ్చునని ఈ వ్యాసం.

పెట్టె కెమెరా నుండి జేబు కెమెరా వరకు

నా తరము వారిలో చాలామందికి తొలి కెమెరా అగ్ఫా క్లిక్-3. అది విదేశీ వస్తువని మనలో పలువురు అనుకునేవారు గాని, ఇక్కడికి దగ్గరలోనే, వడోదరలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ కర్మాగారంలో తయారయ్యేది. 120 ఫిల్ము చుట్టలో పన్నెండు చతురస్రపు బొమ్మలు పడేవి. ఫిల్ము విషయానికి వస్తే, మన వలెనే ప్రభుత్వ రంగ సంస్థ అయిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో ఉదకమండలంలో ఏర్పడి, ‘ఇందు’ పేరిట నలుపు తెలుపు ఫిల్మును దేశానికి అందించినది. ఆ సంస్థ నేడు లేదు. కాని ఎందరి పెండ్లి ఫోటోలో, ఎందరి గుర్తింపు కార్డు ఫోటోలో ఆ ఫిల్ము మీద పడినవో లెక్క కట్టలేము.

1980లలో హాట్ షాట్ వచ్చినది. ‘ఖటక్’ మనే దాని ప్రకటన పిల్లల నోళ్ళలో నానేది. గురి చూసి మీట నొక్కుటే పని. అయితే అటువంటి సామాన్య కెమెరాలలో దూరము, వెలుగు కొలిచే ఏర్పాటు ఉండేది కాదు. ఆ కొలత పనిని కెమెరాయే స్వయంగా చేసుకొనుట 1977లో కోనికా సి-35 ఏఎఫ్‌తో సామాన్యులకు అందినది. ఆ పైన పది పదిహేనేండ్లలో జపాను సంస్థలు ఆ యంత్రాంగాన్నంతా చొక్కా జేబులో పట్టేటంత చిన్నదిగా కుదించినవి. ఆ కుదింపునకు పరాకాష్ఠ మ్యూ అనుకోవచ్చును. గ్రీకు అక్షరమైన మ్యూ, విజ్ఞాన శాస్త్రములో పది లక్షలవ వంతుకు గుర్తు. సూక్ష్మమైనదని చెప్పుటకే ఆ పేరు పెట్టినారు.

పాతది మా ఇంటికి వచ్చిన విధము

మాది సిరిసిల్ల. మగ్గం చప్పుడు లేని ఇల్లు మా వీధిలో ఉండేది కాదు. నేను చదువుకొని మన సంస్థలో ఉద్యోగము పొంది హజీరాకు రాగా, మా చిన్నాయన నాకంటె ముందే మరమగ్గాల పనికి సూరత్ చేరి లింబాయత్‌లో స్థిరపడినాడు. ఆయన మా నాన్నగారి పిన్నతండ్రి కొడుకు. ఉధనా, లింబాయత్ ప్రాంతాలలో తెలంగాణ నుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఎన్ని ఉన్నవో ఆ వైపు వెళ్ళిన వారికి విదితమే. వారి పిల్లల కొరకు సూరత్ నగర పాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను కూడ నడిపినది. బతుకమ్మ పండుగ వచ్చినదంటే ఆ వీధులు సూరత్‌వి అని నమ్మబుద్ధి కాదు.

1993లో మా మేనబావ దుబాయి నుండి సెలవు మీద వస్తూ మ్యూను తెచ్చి ఇచ్చినాడు. 170 గ్రాముల బరువు. ముందున్న మూతను వ్రేలితో ప్రక్కకు జరిపితే కెమెరా మేల్కొంటుంది, మూసివేస్తే నిద్రపోతుంది. ఆ మూత ఏర్పాటు అదే సంస్థ 1979లో తెచ్చిన ఎక్స్ఏ అనే కెమెరా నుండి వచ్చినది. దానిని రూపొందించినవారు యొషిహిసా మైతాని. తోలు సంచి, విడి మూత లేకుండ కెమెరాను జేబులో వేసుకొని తిరుగవచ్చునని నిరూపించినది ఆయనే.

మ్యూ కటకములో మూడు గాజు బిళ్ళలు ఉన్నవి. ఈ మూడు బిళ్ళల అమరికకు మూలము 1893 నాటిది. డెన్నిస్ టేలర్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టినాడు. నూరేండ్ల తరువాత కూడ దానిని మించిన చవుకైన మంచి కటకము లేదన్నంతగా నిలిచినది. దాని ద్వారము ఎఫ్ 3.5. పరారుణ కిరణమును ఎదుటి వస్తువు మీదికి పంపి, అది తిరిగి వచ్చే కోణమును బట్టి దూరము తెలుసుకొంటుంది. ఫిల్ము డబ్బా మీద వెండి, నలుపు గళ్ళు ఉంటవి గదా, 1983లో కొడాక్ ప్రవేశపెట్టిన ఆ డీఎక్స్ గుర్తులను చదివి ఫిల్ము వేగము 100 అయినదీ 400 అయినదీ తానే గ్రహిస్తుంది. మనము చేయవలసినదల్లా నవ్వుమని చెప్పుట.

కొత్తది వచ్చిన తరువాత

1998లో అదే బావ మ్యూ-2ను పంపినాడు. పాతదానిని అమ్మివేయమని ఇంట్లో సలహా వచ్చినది. “రెండూ ఉంచి, ఒకసారి సరిపోల్చి చూచి, తరువాత నిర్ణయిద్దాము” అన్నాను. ఇంజనీరింగు ఉద్యోగము చేసేవారికి ఈ జబ్బు ఉంటుంది. సరిపోల్చకుండ దేనినీ విడువలేరు.

ఆ చలికాలములో ఒక ఆదివారము, రెండింటిలోనూ ఒకే రకపు 100 వేగపు ఫిల్ము వేసి, కాలనీ ఉద్యానవనానికి కుటుంబ సమేతముగా వెళ్ళినాము. సూరత్‌లో చలికాలమంటే పొంక్ కాలము. లేత జొన్న కంకులను కాల్చి రాల్చిన పచ్చని గింజలను, సన్నని కారప్పూసతో కలిపి పిల్లలు తింటూ ఉండగా, ఒక్కొక్క దృశ్యమును రెండు కెమెరాలతోనూ తీసినాను. కడిగించి, పోస్టుకార్డు పరిమాణములో అచ్చు వేయించి, వెనుక గుర్తులు పెట్టి, మా విభాగములోని మిత్రులకు చూపించినాను. మంచి ఎండలో తీసినవాటిలో ఏది ఏ కెమెరాదో ఒక్కరూ సరిగా చెప్పలేకపోయినారు. ఇది మొదటి పాఠము. నడి ఎండలో, స్థిరముగా ఉన్న వస్తువు ముందు, మంచి కెమెరాకూ మరింత మంచి కెమెరాకూ తేడా మన కంటికి అందదు.

తేడాలు బయటపడినది కష్టకాలములోనే. వాటిని నాలుగు భాగములుగా చెప్పుకొనవచ్చును.

వెలుగు. మ్యూ-2 కటకములో నాలుగు బిళ్ళలు. ద్వారము ఎఫ్ 2.8. లెక్క వేసి చూస్తే పాతదానికంటె సుమారు ఒకటిన్నర రెట్లు వెలుగును లోనికి రానిస్తుంది. అంతకంటె ముఖ్యమైనది రెప్పపాటు కాలము. పాతది ఎక్కువలో ఎక్కువ సెకనులో పదిహేనవ వంతు మాత్రమే తెరచుకొని ఉండగలదు. కొత్తది నాలుగు సెకనుల వరకు తెరచుకొని ఉంటుంది. సంధ్య వేళ తాపీ నది మీద దీపాలు పాతదానిలో నల్లని కాగితము మీద నాలుగు చుక్కలుగా పడగా, కొత్తదానిలో నీటి మీది ప్రతిబింబాలతో సహా వచ్చినవి. కాని కెమెరాను గోడ మీదనో రాతి మీదనో పెట్టి తీయవలెను. చేత పట్టుకొని తీస్తే దీపాలన్నీ వానపాముల వలె వస్తవి. అది నేను రెండు ఫిల్ములు పాడుచేసుకొని నేర్చుకొన్నాను.

గురి. పాతది చట్రము నడిమి భాగమునే చూచి దూరము కొలుస్తుంది. దంపతులను ప్రక్క ప్రక్కన నిలిపి తీస్తే, వారి నడుమ సందులో నుండి దాని చూపు వెనుక గోడ మీదికి పోతుంది. గోడ మీది సున్నపు పెచ్చులు స్పష్టముగా, దంపతులు మసకగా వస్తారు. ఒకరి మీద గురి పెట్టి మీటను సగము నొక్కి ఉంచి, తరువాత చట్రము సరిచేసుకొని పూర్తిగా నొక్కుటే దీనికి ఉపాయము. కొత్తది ఒక్క చోటనే గాక పలు చోట్ల కొలుస్తుంది గనుక ఈ చిక్కు చాలవరకు తీరినది. కాని రెండింటికీ సమానమైన బలహీనత ఒకటున్నది. మూసిన గాజు కిటికీ వెనుక నుండి తీస్తే పరారుణ కిరణము గాజు మీదనే తగిలి మోసపోవచ్చును. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి పోతూ గోదావరి వంతెన మీద మూసిన గాజులో నుండి తీసిన ఫోటోలు మా ఇంట్లో ఏ ఒక్కటీ బాగా లేవు.

వాన. సూరత్ వర్షాకాలము గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. పాతదానిని వానలో బయటికి తీయరాదు. కొత్తదాని అతుకులకు రబ్బరు కట్టు ఉన్నది, తుంపరకు తట్టుకొంటుంది. నీటిలో ముంచుటకు మాత్రము పనికిరాదు.

చేతికి ఒదుగుట. కొత్తది 135 గ్రాములే. అంచులు సబ్బు బిళ్ళ వలె గుండ్రన. కాని కంటి కిటికీ చిన్నదైనది. కండ్లద్దాలు పెట్టుకొనే నావంటి వారికి పాతదే హాయి. పైగా రెండింటిలోనూ మూత మూసి తెరిచినపుడెల్లా ఫ్లాష్ తిరిగి స్వయంచాలకమునకు వస్తుంది. వద్దనుకొంటే ప్రతిసారీ మీట నొక్కి ఆపవలెను. మరచితినా, గుడిలో దీపారాధన ఫోటోకు ఫ్లాష్ వెలిగి దీపము వెలవెలబోతుంది. అది నా మరపు. కెమెరాను అని లాభము లేదు.

ఇన్ని కొలతలు కొలిచి, కొత్తది అన్ని విధముల మిన్న అని తీర్పు చెప్పినాను. ఆ తీర్పునకు సాక్ష్యముగా అందరికీ ఒక ఫోటో చూపేవాడిని. అది మా చిన్నమ్మది. లింబాయత్ ఇంటి గడపలో పీట వేసుకొని కూర్చొని, ఇత్తడి తాంబాళములో బతుకమ్మను పేరుస్తూ తల ఎత్తి నవ్విన ఫోటో. తంగేడు, గునుగు దొరకనందున బజారు బంతిపూలతో పేరుస్తున్నది. సాయంకాలపు నీరెండ ఒక చెంప మీద పడి, ముక్కుపుడక మెరుస్తూ ఉండినది. “చూచినారా, ఇంత తక్కువ వెలుగులో ఎంత చక్కగా వచ్చినదో! అదీ నాలుగు బిళ్ళల కటకము గొప్పతనము” అని చెప్పేవాడిని. 2001లో చిన్నమ్మ కాలము చేసినది. ఆమె ఫోటోలు తీయించుకొన్న మనిషి కాదు. పెండ్లినాటి ఫోటో ఎప్పుడో పోయినది. ఉన్నది ఆ ఒక్కటే. అదీ మా ఆల్బములోనే. “పెద్దది చేయించి ఇయ్యి బిడ్డా” అని చిన్నాయన రెండు మూడు సార్లు అడిగినాడు. సరే, సరే అంటూ ఐదేండ్లు గడిపినాను.

2006 ఆగస్టు

అప్పటికి మేము అడాజణ్‌లో క్రింది అంతస్తులో అద్దెకు ఉంటిమి. సూరత్‌కు ఎగువన సుమారు వంద కిలోమీటర్ల దూరములో ఉకాయి జలాశయము ఉన్నది. ఆగస్టు మొదటి వారములో ఎగువ వానలకు అది నిండిపోగా భారీగా నీరు విడువవలసి వచ్చినది. ఏడవ తేదీ నుండి తాపీ నగరములోనికి వచ్చినది. మేము పై అంతస్తు వారింట తలదాచుకొన్నాము. క్రింద మా ఇంట్లో నీరు ఛాతీ లోతు నిలిచినది. కరెంటు లేదు, త్రాగునీరు లేదు. పడవలలో వచ్చినవారు పాల పొట్లాలు, బిస్కట్లు అందించినారు. నీరు తీసిన తరువాత లోనికి వెళ్ళి చూస్తే, ఇంటి నిండా అడుగు ఎత్తు ఒండ్రు.

రెండు కెమెరాలూ పై అరన ఉండి బ్రతికినవి. ఆల్బములు క్రింది అరన ఉన్నవి. తెరిచి చూస్తే పేజీలన్నీ ఒకే ముద్ద. పై పేజీ లాగగానే రంగులు కాగితమును విడిచి వ్రేళ్ళకు అంటుకొన్నవి. చిన్నమ్మ ఫోటో ఉన్న పేజీలో మిగిలినది పసుపు ఎరుపు మరక మాత్రమే. ఇల్లంతా పోయినపుడు రాని దుఃఖము ఆ పేజీ చూచినపుడు వచ్చినది. ఆయన అడిగినది పది రూపాయల పని. ఐదేండ్లలో చేయలేకపోతిని.

అదే అరలో ఒక బిస్కట్ల రేకు డబ్బా ఉన్నది. అందులో నెగెటివులు. దానిలోనూ నీరు చేరినది. వాటిని తీసి ఎండలో ఆరవేయబోతూ ఉండగా, మా వీధి చివర ఫోటో స్టూడియో నడిపే గుజరాతీ పెద్దాయన చూచి కేకలు వేసినాడు. “ఆరనీయవద్దు భాయీ! ఆరినవంటే ఒకదానికొకటి అతుక్కొనిపోతవి. మంచి నీటిలోనే ఉంచు” అన్నాడు. ఆయన దుకాణము సర్వము మునిగిపోయి ఉన్నది. అయినా వచ్చి, మా మేడ మీద కూర్చొని, త్రాగుటకే కరువైన ఆ నీటిని అర బకెట్టు తీసుకొని, ఒక్కొక్క తొడుగును నీటిలోనే కత్తిరించి, ఫిల్ము ముక్కలను జారవిడిపించి, అంచులు పట్టుకొని దారము మీద బట్టల క్లిప్పులతో వ్రేలాడదీసినాడు. సాయంకాలము వరకు పట్టినది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

తొడుగు మీది తేదీ

ఆ ముక్కలలో చిన్నమ్మ ఉన్నది. అంచున ఒక చార ఒండ్రు మరక. ముఖమునకు ఏమీ కాలేదు. ఆ ముక్క ఉన్న తొడుగు మీద, కడిగించిన నాడు నేనే బాల్ పెన్నుతో వ్రాసిన అక్షరాలు అలుకకుండ ఉన్నవి: ‘దసరా, అక్టోబరు 1996’.

నేను రెండుసార్లు చదివినాను. 1996. కొత్త కెమెరా మా ఇంటికి వచ్చినది 1998లో. అసలు ఆ నమూనా ప్రపంచములో పుట్టినదే 1997లో. ఎనిమిదేండ్లు నేను నాలుగు బిళ్ళల గొప్పతనమునకు సాక్ష్యముగా చూపిన ఫోటో మూడు బిళ్ళల కటకము తీసినది.

నెగెటివును నూనె దీపము ముందు పట్టుకొని ఆలోచించినాను. ఇది ఎట్లు సాధ్యమైనది? విషయము సులభమే. ఆమె చట్రము నడుమ ఒంటరిగా కూర్చొని ఉన్నది గనుక పాతదాని గురి తప్పలేదు. కదలక ఆగి నవ్వినది గనుక తక్కువ వెలుగైనా చెరగలేదు. పాతదానికి చేతనైనంత పని ఆ సాయంకాలము దానికి పడినది, చేసినది. నేను ఉద్యానవనములో కొలిచిన కొలతలు తప్పు కావు. కొత్తది మెరుగైనదే. కాని ఏ ఫోటోకు ఏది కారణమో తెలియకుండ, ముందుగా తీర్పు అనుకొని, తరువాత సాక్ష్యము వెదకుకొన్నాను. వృత్తిరీత్యా చేయరాని పని అది.

దీపావళి నాటికి స్టూడియో తిరిగి తెరిచినారు. మొదటి పని మాదే. పెద్దది చేయించి, పటము కట్టించి, లింబాయత్ తీసుకొనిపోయి ఇచ్చినాను. తేదీ సంగతి, కెమెరాల సంగతి అంతా చిన్నాయనకు చెప్పి, ఆలస్యమునకు క్షమించుమన్నాను. ఆయన పటమును ఒడిలో పెట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. మరమగ్గాల చప్పుడు ప్రక్క షెడ్డులో నుండి వినవస్తూనే ఉన్నది. చివరికి, “ఏ కెమెరా అయితే ఏంది బిడ్డా, నవ్వింది గద మీ చిన్నమ్మ” అన్నాడు.

ఇంట్లో పాత ఫిల్ములు ఉన్నవారికి

ఈ అనుభవము నుండి నేర్చిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. వాడని కెమెరాలో బ్యాటరీ ఉంచవద్దు. కారినదంటే లోపలి తీగలను తినివేస్తుంది. కెమెరాను తోలు సంచిలో గాక పొడి గుడ్డలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లముతో ఉంచండి. మన తీర ప్రాంతపు గాలికి కటకము మీద బూజు త్వరగా పడుతుంది. నెగెటివుల తొడుగు మీద తేదీ, స్థలము, మనుషుల పేర్లు తప్పక వ్రాయండి. ఆల్బమును, నెగెటివులను ఒకే అరలో ఉంచవద్దు. ఒకటి పోయినా రెండవది దక్కవలెను. ఒకవేళ తడిసినవా, ఆరనీయక చల్లని మంచినీటిలో ఉంచి, ఒకటి రెండు రోజులలోనే విడదీసి, ముఖభాగమును ముట్టక, నీడలో ఆరవేయండి. నేడు నెగెటివులను స్కాను చేసి ఇచ్చేవారు ఉన్నారు. ఆ పని వాయిదా వేయవద్దు. ఫోనులో వేలకొలది ఫోటోలు ఉన్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఫోను ఒకటే, నీళ్ళలో పడుటకు క్షణము చాలు.

ఒలింపస్ సంస్థ కూడ కెమెరాల వ్యాపారమును విడిచివేసినది. 2021 నుండి ఆ పని వేరొక సంస్థ చూచుకొంటున్నది. ఈ రెండింటికీ ఇక వారసులు రారు.

మా మనుమరాలికి కొత్తదానిని ఇచ్చినాను. వాన పడినా తట్టుకొంటుంది, ఇద్దరు స్నేహితురాండ్రను ప్రక్క ప్రక్కన నిలిపినా గురి తప్పదు. పాతది మాత్రము నా వద్దనే ఉన్నది. “అది ఎందుకు తాతయ్యా నీకు? కొత్తదే మంచిదన్నావు గదా?” అని అడిగినది. గోడ మీద చిన్నమ్మ పటము నకలు ఒకటి మా ఇంట్లోనూ ఉన్నది. దానిని చూపించి, “ఆమె ఎవరో తెలుసునా?” అన్నాను. తెలియదన్నది. కూర్చోబెట్టి చెప్పుట మొదలుపెట్టినాను.